సాల్మన్ చేప, పక్క పాయ, మన ఫారంలో ఖాళీ గడి

పోస్టు పొడుగైంది, కాస్త ఓపిక చేసుకుని చదవండి.

పోడు పట్టాల మీద మన గ్రూపులో చాలా చర్చ నడిచింది. ఎవరికెన్ని ఎకరాలొచ్చాయి, ఎవరిది తిరస్కరించారు, సర్వే ఎక్కడ ఆగింది, అన్నీ రాశారు. బాగుంది. కానీ అంత పెద్ద చర్చలో వాగు గురించి గానీ, మడుగు గురించి గానీ, చేప గురించి గానీ ఒక్క మాట లేదు. మేం హాస్టల్లో నలుగురం ఇదే మాట్లాడుకున్నాం. మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాం: అటవీ హక్కుల చట్టం కింద భూమిని అడిగినంత గట్టిగా మనం నీళ్లనీ చేపనీ అడగాలి. ఇప్పుడు అడక్కపోతే, రేపు అడగడానికి ఆధారం కూడా చేతిలో ఉండదు.

ఈ మాట మాకు ఊరికే తట్టలేదు. అమెరికా పడమటి తీరాన వాషింగ్టన్ అని ఒక రాష్ట్రం ఉంది. (వాళ్ల రాజధాని వాషింగ్టన్ వేరు, అది తూర్పున.) అక్కడి ఆదివాసులు చేప కోసం నూరేళ్లకి పైగా కొట్లాడారు. ఆ కథ చదువుతుంటే మన శబరి, మన సీలేరు, మన గోదారి గుర్తుకొచ్చి ఆగలేకపోయాం. మొత్తం కథ చెప్పం, మనకు పనికొచ్చే ముక్కలు చెప్తాం. ముందు చేప సంగతి తెలియాలి.

సాల్మన్‌ని అర్థం చేసుకోవాలంటే పులసని తలుచుకోండి. పులస సముద్రంలో బతికి, గోదారికి ఎర్రనీళ్లు రాగానే ఏటికి ఎదురెక్కుతుంది, గుడ్లు పెట్టడానికి. సాల్మన్ కూడా అంతే. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి, పెద్దదై, మళ్లీ పుట్టిన ఏటినే వెతుక్కుంటూ వస్తుంది. తేడా ఒకటుంది. ఆ తీరపు సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. ఒడ్డున కుళ్లిన ఆ కళేబరాలే ఎలుగుబంట్లకి, గద్దలకి తిండి, చెట్లకి ఎరువు. వీటిలో చినూక్, కోహో, చమ్, సాకై, పింక్ అని ఐదు రకాలు. వీటికి చుట్టాలు ట్రౌట్లు. స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి పోయొచ్చే ట్రౌటు. కట్‌త్రోట్ అని ఇంకోటి ఉంది, అది ఆకురాలే కాలంలో సాల్మన్ల వెనకే ఏట్లోకొచ్చి వాటి గుడ్లు ఏరుకుని తింటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ చేపలు పెద్ద ఏట్లోనే బతుకుతాయని మనం అనుకుంటాం. కాదు. పెద్ద ఏరు వాటికి దారి. బతుకు సగం పక్క పాయల్లో ఉంటుంది. ఏరు చీలి పక్కకి పోయి మళ్లీ కలిసే పాయలు, వరద తీశాక మిగిలే మడుగులు, సముద్రం దగ్గర పోటుకి నిండి పాటుకి తగ్గే బురద కాలవలు. ఇలా నీరు నెమ్మదిగా ఉండేవాటిని వాళ్లు స్లూ అంటారు. కోహో పిల్ల పుట్టాక ఏడాదికి పైనే మంచినీళ్లలో ఉంటుంది. చలికాలంలో వరదొస్తే పెద్ద ఏట్లో వేలెడు పిల్ల ఎలా నిలుస్తుంది? కొట్టుకుపోతుంది. అందుకే అది పక్క పాయలోకి, బీవర్లు కట్టిన కుంటలోకి, పడిపోయిన దుంగల కిందికి దూరి చలికాలం గడుపుతుంది. చినూక్ పిల్లలు సముద్రంలోకి దిగేముందు పోటుకాలవల్లో కొన్నాళ్లుండి బలం పోసుకుంటాయి. చమ్ అయితే గుడ్లు పెట్టడానికే అడుగు నుంచి ఊట వచ్చే పక్క పాయని ఏరుకుంటుంది, ఎందుకంటే ఊటనీరు చలికాలంలో మరీ చల్లబడదు, గుడ్డు చావదు.

గాలం వేసేవాళ్లకి కూడా ఈ సంగతి బాగా తెలుసు. పెద్ద ఏరు బురదగా పోటెత్తిన రోజున తెలివైనవాడు మధ్యలో గాలం వెయ్యడు. పక్క పాయ నుంచి తేటనీరు వచ్చి బురదనీటిలో కలిసేచోట రెండు రంగుల గీత ఒకటి కనిపిస్తుంది చూడండి, అక్కడ వేస్తాడు. ఎదురెక్కే చేప అలిసి ఆ గీత పక్కనే ఆగుతుంది. మడుగులో నీటికి లాగుడు ఉండదు కాబట్టి ఎర దానంతటది ఆడదు, మనిషే ఆడించాలి. తేటనీటిలో చేపకి మనిషి నీడ కూడా కనపడుతుంది, కాబట్టి పొద్దు పొడవకముందే పోవాలి, చప్పుడు చెయ్యకూడదు. నీటిపైకి ఎగిరి దూకే చేపలన్నీ ఎర పట్టవు. ఇవన్నీ చదువుతుంటే మాకు నవ్వొచ్చింది. ఇందులో ఒక్కటి కూడా మన తాతలకి తెలియనిది కాదు. కొత్తనీరు దిగినప్పుడు వాగు మూతి దగ్గర మావు ఎందుకు పెడతారు? గోదారి పోటెత్తి శబరిని వెనక్కి తన్నినప్పుడు, ఆ నీటితో పాటు వాగుల్లోకి ఎక్కిన చేప, నీరు తీసేటప్పుడు ఎక్కడ చిక్కుతుందో ఆడవాళ్లకి కూడా తెలుసు. గంప, ఊత పట్టుకుని పోయి పూటకి సరిపడా తెస్తారు. సముద్రాలు వేరైనా నీటి లెక్క ఒకటే.

ఇక హక్కు సంగతికి వద్దాం.

1854 డిసెంబరులో మెడిసిన్ క్రీక్ అనే చోట నిస్క్వాలీ, పుయాలప్ ఇంకా మరికొన్ని తెగల చేత అమెరికా ప్రభుత్వం ఒప్పందం మీద సంతకాలు పెట్టించింది. పెట్టించినవాడు అప్పటి గవర్నరు ఐజాక్ స్టీవెన్స్. భూమి దాదాపు అంతా పోయింది. కానీ ఆ తెగల పెద్దలు ఒక్క విషయం వదల్లేదు. మేం ఎప్పటి నుంచో చేపలు పట్టే చోట్లన్నిటిలో ఇకముందు కూడా పడతాం, మీ జనంతో పాటు మేమూ అని రాయించుకున్నారు. ఒప్పందం మాటలు వాళ్లకి చెప్పింది చినూక్ జార్గన్ అనే సంత భాషలో. కొన్ని వందల మాటలుండే భాష అది. దానితో అంత పెద్ద దస్తావేజు ఎంత అర్థమై ఉంటుందో మీరే ఆలోచించండి. అయినా చేప మాట మాత్రం కాగితం మీద పడింది.

తర్వాత ఏమైంది? 1866లో కొలంబియా నది మీద సాల్మన్‌ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదాని వెనక ఒకటి బోలెడు వచ్చాయి. అడవులు నరికి దుంగల్ని ఏట్లో వదిలారు, దుంగల తాకిడికి ఏటి అడుగు గీక్కుపోయింది. ఆనకట్టలు కట్టారు. ఏటి మూతి దగ్గరి బురద నేలలకి గట్లు పోసి పొలాలు చేశారు, పక్క పాయలు ఎండాయి. చేప తగ్గింది. తగ్గగానే తప్పు ఎవరి మీద పడింది? ఆదివాసి వల మీద. సరదాకి గాలం వేసేవాళ్ల సంఘాలు, పడవల వాళ్లు, రాష్ట్ర అధికారులు అందరూ అదే మాట. ఆదివాసులు ఏట్లో వల కట్టడం వల్లే సాల్మన్ పోతోందట! మన దగ్గర అడవి తగ్గితే పోడు వల్లే అంటారే, అచ్చం అదే.

బిల్లీ ఫ్రాంక్ జూనియర్ అని నిస్క్వాలీ మనిషి. 1931లో పుట్టాడు. 14 ఏళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు, 1945లో, తన ఏట్లో తాను చేప పట్టినందుకు మొదటిసారి అరెస్టు చేశారు. ఆ తర్వాత 50 సార్లకి పైగానే అరెస్టయ్యాడు. 1960ల్లో వాళ్లు ఒక పద్ధతి పట్టుకున్నారు: అందరూ చూస్తుండగా, పోలీసులు చూస్తుండగా, నిషేధం ఉన్నచోటే పడవ వేసి వల వేయడం. ఫిష్-ఇన్ అనేవారు దాన్ని. మన మాటలో చెప్పాలంటే చేపల సత్యాగ్రహం. 1964లో సినిమా నటుడు మార్లన్ బ్రాండో కూడా వచ్చి పుయాలప్ నదిలో వాళ్లతో కలిసి చేప పట్టి అరెస్టయ్యాడు. పేపర్లు అప్పుడు గానీ పట్టించుకోలేదు. (ఇది కూడా మనకి కొత్త కాదు, హీరో వస్తే తప్ప కెమెరా రాదు.) 1970 సెప్టెంబరులో పుయాలప్ ఒడ్డున వాళ్లు వేసుకున్న శిబిరం మీద పోలీసులు టియర్ గ్యాస్ వదిలి, జనాన్ని ఈడ్చుకెళ్లారు. ఆ నెలలోనే తెగల తరపున కేంద్ర ప్రభుత్వం రాష్ట్రం మీద కేసు వేసింది.

తీర్పు 1974 ఫిబ్రవరి 12న వచ్చింది. జడ్జి పేరు జార్జి బోల్ట్. ఆయన విప్లవకారుడేం కాదు, పాతకాలపు గట్టి మనిషి. కానీ ఆ 1854 కాగితాన్ని ముందు పెట్టుకుని, మీ జనంతో పాటు అంటే ఏమిటి అని ఆలోచించాడు. పట్టదగిన చేపలో సగం దాకా ఒప్పంద తెగలకి రావాలని తేల్చాడు. అంతేకాదు, చేపల్ని కాపాడే పనిలో రాష్ట్రంతో సమానంగా తెగలకీ చోటు ఇచ్చాడు. అంతకుముందు వాళ్లకి దక్కేది చాలా కొద్ది. తెల్లవాళ్ల పడవల సంఘాలు మండిపడ్డాయి, జడ్జి దిష్టిబొమ్మని ఉరితీశారు. 1979లో సుప్రీంకోర్టు కూడా తీర్పుని నిలబెట్టింది.

ఈ కేసులో మాకు బాగా పట్టింది వేరే ఉంది. ఎప్పటి నుంచో చేపలు పట్టే చోట్లు అని ఒప్పందంలో ఉంది సరే, ఆ చోట్లు ఏవి? నూట ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు చెప్తారు? బార్బరా లేన్ అనే పరిశోధకురాలు ఒక్కో తెగ ఏ ఏట్లో, ఏ మూతి దగ్గర చేప పట్టేదో పాత కాగితాలన్నీ తిరగేసి రాసి కోర్టుకిచ్చింది. తెగల ముసలివాళ్లు కోర్టుకొచ్చి బోనులో నిలబడి, మా తాత ఇక్కడ పట్టేవాడు, ఈ చేపని ఇలా పట్టేవాడు అని చెప్పారు. జడ్జి విన్నాడు, రాసుకున్నాడు, నమ్మాడు. ముసలివాళ్ల జ్ఞాపకం చట్టమైంది.

హక్కు వచ్చింది గానీ చేప లేకపోతే హక్కు ఏం చేసుకుంటాం? తర్వాత కొట్లాట దీని మీదే నడిచింది, మనకి ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. రోడ్డు వేసేటప్పుడు వాగు మీద బ్రిడ్జి కట్టకుండా అడుగున పైపు వేసి మట్టి పోస్తారు కదా, కల్వర్టు. కొన్నేళ్లకి పైపు కింది వైపు నేల కోసుకుపోయి, పైపు మూతి గాల్లో వేలాడుతుంది. నీరు జలపాతంలా దూకుతుంది. చేప ఎక్కలేదు. లేదంటే పైపు సన్నగా ఉండి నీటి వేగం ఎక్కువై చేప ఎదురీదలేదు. పైన మైళ్ల కొద్దీ మంచి వాగు, పక్క పాయలు ఉన్నా చేపకి అవి లేనట్టే. దీని మీద 2001లో తెగలు కోర్టుకెళ్లాయి. చేప పట్టే హక్కు ఇచ్చి, చేప రాకుండా దారి మూసేస్తే ఇచ్చినట్టా, ఇవ్వనట్టా అన్నది వాళ్ల ప్రశ్న. 2007లో గెలిచారు. 2013లో కోర్టు, రాష్ట్రం తన రోడ్ల కింద చేపకి అడ్డమైన వందల కల్వర్టుల్ని మార్చాలి, ముఖ్యమైనవి 2030 నాటికి అయిపోవాలి అంది. 2018లో సుప్రీంకోర్టులో ఒక జడ్జి తప్పుకోగా మిగతావాళ్లు నలుగురు ఇటు, నలుగురు అటు అయ్యారు. సమానమైతే కింది తీర్పే నిలుస్తుంది. అలా నిలిచింది.

గట్లు తెంచే పని కూడా తెగలే ముందుండి చేశాయి. నిస్క్వాలీ ఏటి మూతి దగ్గర పొలం కోసం ఎప్పుడో పోసిన పెద్ద గట్టుని 2009లో తీసేశారు. దాదాపు 760 ఎకరాల్లోకి సముద్రపు పోటు మళ్లీ వచ్చింది. 2015లో ఈబీ స్లూ పక్కన తులాలిప్ తెగవాళ్లు మరికొన్ని సంస్థలతో కలిసి గట్టు తెంచి, క్వులూల్ట్ అనే తమ పాత బురద నేలకి నీళ్లు తెచ్చారు. ఎల్వా నది మీద నూరేళ్ల నాటి రెండు ఆనకట్టల్ని 2011 నుంచి 2014 మధ్య పగలగొట్టారు, 2023లో అక్కడి క్లాలం తెగవాళ్లు మళ్లీ కొద్దిగా కోహో పట్టుకున్నారు. కొలంబియా మీద సెలైలో జలపాతం మాత్రం 1957 మార్చిలో డాల్స్ ఆనకట్ట నీళ్లలో మునిగింది, ఇంకా మునిగే ఉంది. వేల ఏళ్లు అన్ని తెగలూ వచ్చి చేప పట్టిన చోటది. డబ్బు పరిహారం ఇచ్చారు. జలపాతం ఇవ్వలేదు.

ఇప్పుడు మన సంగతి.

2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) తీసి చదవండి. నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అని స్పష్టంగా ఉంది. పోడు పట్టా ఉన్న చట్టంలోనే ఉంది, దానికి ఒక గడప అవతల. వ్యక్తి భూమికి ఫారం ఎ, సామూహిక హక్కులకి ఫారం బి. ఈ ఫారం బిలో చేపలకి, నీటి వనరులకి ఒక గడి ఉంటుంది. మేం మా ఊళ్ల నుంచి సంపాదించి చూసిన ఫారాల్లో ఆ గడి ఖాళీగానైనా ఉంది, లేదా అడ్డగీత గీసి ఉంది. వెదురు రాశారు, చింతపండు రాశారు, ఇప్పపువ్వు రాశారు. చేప రాయలేదు. రాసినాయన మంచివాడే, మనవాడే. చేప కూడా హక్కేనా అని నవ్వి ఊరుకున్నాడట.

నవ్వే విషయం కాదు. ఎందుకో చెప్తాం. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్‌లో ఎస్సీ, ఎస్టీలకి ప్రత్యేకంగా కొన్ని మాటలున్నాయి. ప్రాజెక్టు వల్ల నష్టపోయే ప్రాంతంలో నదిలో, చెరువులో చేపల హక్కు ఉన్న కుటుంబాలకి రిజర్వాయరులో చేపల హక్కు ఇవ్వాలి అని ఉంది. ఆ వాక్యంలో చేపల హక్కు ఉన్న అనే ముక్క దగ్గర ఆగండి. హక్కు ఉందని ఎలా చూపిస్తాం? పోలవరం ముంపులో పోయే ఇంటికి లెక్క ఉంది, చెట్టుకి లెక్క ఉంది, పట్టా భూమికి లెక్క ఉంది. మన కొండరెడ్లు, కోయలు తరతరాలుగా చేప పట్టిన మడుక్కి ఏ రిజిస్టరులో లెక్క ఉంది? కాగితం ముందే ఉంటే ఆ సెక్షన్ మనకి ఆయుధం. లేకపోతే అది పుస్తకంలో అక్షరం. నిస్క్వాలీ పెద్దలు 1854లో రాయించిన ఒక్క వాక్యం 1974లో పని చేసింది. మనం కూడా ఎప్పటికో పనికొచ్చే వాక్యం ఇప్పుడు రాయించుకోవాలి అంటున్నాం.

రిజర్వాయరులో హక్కు ఇస్తే చాలా అని అడగొచ్చు. చాలదు. మైళ్ల కొద్దీ నిలిచిన లోతు నీళ్లలో మావు పని చెయ్యదు, ఊత అసలే చెయ్యదు. పెద్ద పడవ, పెద్ద వల, వాటికి పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవాడు బయటి నుంచి వస్తాడు, మనవాడు అతని దగ్గర కూలీ అవుతాడు. అందుకే వాగులు, మడుగులు ఉన్నచోట వాటినే కాపాడుకోవడం ముందు పని. 1996 పీసా చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలి అంటోంది. ఉన్న చట్టాన్ని వాడమనే అడుగుతున్నాం, కొత్తది చెయ్యమని కాదు.

కొందరు అన్నలు అంటారని తెలుసు: ఇప్పుడు వాగులో చేప పడితే ఎవడు ఆపుతున్నాడు, కాగితం ఎందుకు? నిస్క్వాలీవాళ్లని కూడా 1854లో ఎవరూ ఆపలేదు. తొంభై ఏళ్లకి పిల్లాడిని అరెస్టు చేశారు. అడవి అభయారణ్యమైతే, జాతీయ పార్కు అయితే రూలు మారుతుంది. అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకీ, జాతీయ పార్కులకీ కూడా వర్తిస్తుంది, కానీ అది అడిగి రాయించుకున్నవాడికే అక్కరకొస్తుంది. ఇంకో తేడా ఉంది, దాచం. వాళ్లది రెండు జాతుల మధ్య ఒప్పందం. మనది పార్లమెంటు చేసిన చట్టం, పార్లమెంటు దాన్ని మార్చనూ గలదు. మన కాగితం వాళ్ల కాగితమంత గట్టిది కాదు. గట్టిది కాదని అసలు లేకుండా కూర్చోవడం మాత్రం మాకు అర్థం కాదు.

ఇంకో మాట, ఇది మనలో మనకి. వాగులో బ్లీచింగు పోసేవాళ్లు, కరెంటు తీగ పెట్టేవాళ్లు, డిటోనేటరు వేసేవాళ్లు మన ఊళ్లలో కూడా ఉన్నారు. 1897 ఫిషరీస్ చట్టం కాలం నుంచీ మందు పేల్చడం, విషం కలపడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టండి, బ్లీచింగు పోస్తే వేలెడు పిల్ల కూడా మిగలదు, పై ఏడు ఏం తింటాం? ఆ తీరపు తెగల్లో ఏడాదిలో వచ్చిన మొదటి సాల్మన్‌కి పండగ చేసి, అందరూ తలా ముక్క తిని, ఎముకల్ని తిరిగి ఏట్లోనే వదిలేవారు. వాగుకి అడ్డంగా తడక కట్టినా కొన్నాళ్లు తెరిచి పైకి పోయే చేపని పోనిచ్చేవారు. మనకీ కొత్తల పండగ ఉంది, పండగ కాకుండా మామిడికాయ ముట్టం. అదే ఓర్పు చేపకి కూడా వాడితే, హక్కు అడిగేటప్పుడు అవతలివాడికి నోరెత్తే సందు ఉండదు. అక్కడ తీర్పు తర్వాత తెగలు సొంతంగా చేపల శాస్త్రవేత్తల్ని పెట్టుకుని, ఏటా చేప లెక్క తీసి, మేమే ఎక్కువ కాపాడుతున్నాం అని లెక్కతో చూపించారు. ఇక్కడ ఫిషరీస్ సైన్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు గ్రూపులో ఉన్నారా? మీరు మాట్లాడాలి.

రోడ్ల మాటా చెప్పాలి. రోడ్డు వద్దనేవాళ్లం కాదు. డోలీలో మోసుకుపోయిన కష్టం ఏమిటో ఎవరూ మాకు చెప్పక్కర్లేదు. మేం అడిగేది చిన్నది. కొత్త రోడ్డుకి వాగు మీద పైపు వేసేటప్పుడు పైపు అడుగు వాగు అడుగు కంటే కిందికి ఉండేట్టు, వాగంత వెడల్పు ఉండేట్టు వెయ్యమని గ్రామసభలో అడగండి. పైపు కంటే పెట్టె కల్వర్టు మేలు. ఖర్చు కొంచెం పెరుగుతుంది. వానకి రోడ్డు కొట్టుకుపోవడం కూడా తగ్గుతుంది, ఈ మాట చెప్తే ఇంజినీరు వింటాడు. చేప అని చెప్తే వినకపోవచ్చు.

ఇక పని. దసరా సెలవులకి అందరం ఇళ్లకి పోతాం. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం చూడండి. సాక్ష్యాలుగా ఏవి పనికొస్తాయో అందులో ఉంది: దరఖాస్తు పెట్టనివాళ్లైన పెద్దల మాటని రాసి ఇచ్చినా సాక్ష్యమే. సామూహిక అటవీ వనరుల సాక్ష్యాల్లో అయితే చేపలు పట్టే చోట్లు అని పేరుపెట్టే రాశారు. అంటే బార్బరా లేన్ చేసిన పని మన స్థాయిలో మనం చెయ్యొచ్చు. దానికి డిగ్రీ అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. ఊళ్లో పెద్ద వయసువాళ్ల దగ్గర కూర్చుని అడగండి. ఏ మడుగు, దాని పేరేంటి, ఏ వాగు ఎక్కడ కలుస్తుంది, ఏ కార్తెలో ఏ చేప ఎక్కుతుంది, దేనితో పడతారు, ఏ ఊరివాళ్లు పడతారు, ఎవరు పట్టకూడదన్న కట్టుబాటు ఉందా. ఆడవాళ్లని విడిగా అడగండి. పీతలు, నత్తలు, సన్న చేపలు వాళ్లకే తెలుసు, మగవాళ్లని అడిగితే పెద్ద చేప కథలే చెప్తారు. కోయలో చెప్తే కోయలోనే, తెలుగు అక్షరాల్లో రాయండి, తెలుగులోకి మార్చొద్దు. చెప్పినవాళ్ల సంతకమో వేలిముద్రో తేదీతో తీసుకోండి. పటం గీయగలిగితే గీయండి. అది గ్రామసభలో పెట్టించి, తీర్మానం రాయించి, ఫారం బికి జత చెయ్యాలి. ఇంతకుముందే ఫారం బి ఇచ్చేసిన ఊళ్లు చేపల గడికి విడిగా క్లెయిము పెట్టమని హక్కుల కమిటీని అడగాలి. అడిగినట్టు రసీదు తీసుకోండి, రసీదు లేకుండా ఏ ఆఫీసు నుంచీ బయటికి రావొద్దు.

మేం నలుగురం ఫోన్లు చేసి ఇప్పటికి పదకొండు మడుగుల పేర్లు రాసుకున్నాం. వాటిలో మూడు పోయిన వానాకాలం ఇసుకతో పూడిపోయాయని ఇంటి దగ్గర చెప్పారు, అయినా పేర్లు కొట్టెయ్యలేదు. రెండు పేర్లకి అర్థం మా ఇళ్లలో ఎవరికీ తెలియలేదు. శబరి అవతలి ఒడ్డువాళ్లకి తెలిసి ఉండొచ్చని మా తాత అన్నాడు. అటువైపు ఊళ్లవాళ్లు గ్రూపులో ఉంటే మాకు మెసేజ్ పెట్టండి, ఆ పేర్లు పంపిస్తాం.